పసుపు కవరు

2023 సెప్టెంబరు 12, మంగళవారం. మా అమ్మాయి ఇన్‌హేలర్ల కోసం ఫార్మసీలో వరుసలో నిలబడ్డాను. కౌంటరులో ఉన్న అమ్మాయి కంప్యూటర్‌లో రెండుసార్లు నొక్కి చూసి, గొంతు కాస్త తగ్గించి, "ఈ ఇన్సూరెన్స్ ఆగస్టు 31తో ఆగిపోయింది" అంది. వెనక నలుగురున్నారు. గొంతు తగ్గించినందుకు ఆ అమ్మాయికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

మా అమ్మాయికి ఉబ్బసం. రెండు ఇన్‌హేలర్లు వాడుతుంది. రోజూ పీల్చేది ఒకటి, ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది ఇంకొకటి. మొదటిది 268 డాలర్లు, రెండోది 61 అన్నారు. అంతకుముందు రెండింటికీ ఒక్క డాలరు కట్టి ఎరగను. ఫోనులో ఏదో కూపను చూపిస్తే రెండోది 29కి వచ్చింది. అది తీసుకుని, రోజువారీది అక్కడే వదిలేసి వచ్చాను. ఆ ఇన్‌హేలర్ వెనక చిన్న కిటికీ ఉంటుంది, ఎన్ని మోతాదులు మిగిలాయో అందులో అంకె కనిపిస్తుంది. ఇంటికి వెళ్లి పాత రోజువారీదాంట్లో చూస్తే 22. ఉదయం రెండు, రాత్రి రెండు పీల్చాలి. ఉదయంవి మానేసి, రాత్రివి మాత్రం ఇద్దామనుకున్నాను. డాక్టరును అడగలేదు. అడిగితే వద్దంటారని తెలుసు.

మా సంగతి క్లుప్తంగా చెబుతాను. మా ఆయన అక్క, అంటే మా వదిన, 2004లో వేసిన దరఖాస్తు మీద 2019లో గ్రీన్‌కార్డులతో టెక్సాస్ వచ్చాం. డాలస్ దగ్గర ఉంటాం. అమెరికాలో తెలుగువాళ్లంటే అందరూ కంప్యూటర్ ఉద్యోగులే అనుకుంటారు కానీ, మా ఆయన పెట్రోలు బంకుకు ఆనుకుని ఉన్న దుకాణంలో కౌంటరు మీద పనిచేస్తారు. వచ్చిన కొత్తలోనే, ఆ ఏడాది ఆగస్టులో, పిల్లలిద్దరికీ మెడికెయిడ్, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఇన్సూరెన్స్, వచ్చింది. గ్రీన్‌కార్డు వచ్చాక అయిదేళ్లు ఆగాలన్న నియమం మాలాంటి పెద్దవాళ్లకు ఉంది. టెక్సాస్‌లో పిల్లలకు ఆ నిరీక్షణ లేదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. తెనాలిలో ఉన్నప్పుడు ఆరేళ్లు మీసేవ కేంద్రంలో పనిచేశాను. ఆదాయ ధ్రువీకరణ పత్రాలు, కుల ధ్రువీకరణ పత్రాలు, అడంగల్ కాపీలు నా చేతుల మీదుగా వేలల్లో వెళ్లాయి. "ఒక కాగితం తక్కువైందమ్మా, మళ్లీ రండి" అని ఎంతమందితో అని ఉంటానో లెక్కలేదు. కాగితాల విషయంలో నన్నెవరూ మోసం చేయలేరన్న ధీమాతో ఉన్నదాన్ని. ఆ ధీమాయే కొంప ముంచింది.

మూడేళ్లకు పైగా మమ్మల్ని ఎవరూ ఒక్క కాగితం అడగలేదు. 2020 మార్చిలో కరోనా కోసం చేసిన చట్టం వల్ల మెడికెయిడ్‌లో ఉన్నవాళ్లను తీసివేయకూడదు. 2023 మార్చి 31తో ఆ రక్షణ ముగిసింది. ఆ ప్రాంతంలోనే ప్రతి రాష్ట్రమూ అందరి అర్హతనూ మళ్లీ చూడటం మొదలుపెట్టింది. ఈ వార్త నేను చదివాను కూడా. మనకు ఉత్తరం వస్తుంది కదా, అప్పుడు చూద్దాం అనుకున్నాను.

ఉత్తరం వచ్చింది, మేము లేని ఇంటికి. 2022 జూన్‌లో అద్దె పెరిగిందని అరమైలు అవతలి అపార్ట్‌మెంట్‌కు మారాం. బ్యాంకులో, బడిలో, డ్రైవింగ్ లైసెన్సులో చిరునామా మార్చాను. పోస్టాఫీసులోనూ మార్చాను, అందుకని ఉత్తరాలన్నీ కొత్త ఇంటికే వచ్చేవి. పోస్టాఫీసు వాళ్లు అలా మళ్లించేది పన్నెండు నెలలే. మా గడువు 2023 జూన్‌తో తీరింది. మెడికెయిడ్ వాళ్ల పసుపు కవరు, మీద ఎర్రక్షరాలతో 'చర్య తీసుకోవాలి' అని ఉండేది, జులైలో బయలుదేరిందట. మెడికెయిడ్ ఖాతాలో చిరునామా మార్చాలన్న ఆలోచన నాకు రాలేదు. మూడేళ్లుగా అక్కడి నుంచి ఉత్తరమే రాకపోతే ఎలా వస్తుంది?

మన పెళ్లిళ్లలో శుభలేఖకు నాలుగు మూలలా పసుపు రాస్తారు. ఆ రంగు కవరు పోగొట్టుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

13వ తేదీన సహాయ కేంద్రానికి ఫోను చేశాను. గంటా యాభై రెండు నిమిషాలు సంగీతం వినిపించి, లైను తెగిపోయింది. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి, ఆఫీసు తెరవగానే చేస్తే గంటా ఇరవై నిమిషాల్లో మనిషి దొరికింది. మొదట్లో రికార్డు గొంతు ఇంగ్లీషా స్పానిషా అని మాత్రమే అడుగుతుంది కానీ, మనిషి లైనులోకి వచ్చాక "తెలుగు" అనండి చాలు, దుబాసీని పిలుస్తారు. డబ్బేమీ అడగరు. నాకు ఇంగ్లీషు వచ్చు. అయినా ఇలాంటి చోట ఒక్క మాట తేడా వస్తే పని చెడుతుందని అడిగాను. లైనులోకి వచ్చిన దుబాసీ ఎవరో పెద్దాయన, "అమ్మా, తమరి సంతానం యొక్క అర్హతా పునరుద్ధరణ జరగలేదని అధికారిణి సెలవిస్తున్నారు" అన్నారు. అంత కంగారులోనూ నవ్వొచ్చింది. తెనాలిలో ఆర్డీఓ కార్యాలయం నుంచి వచ్చే ఉత్తరాలు ఇలాగే ఉండేవి.

తరవాత ఆవిడ అడిగిన ప్రశ్నకు మాత్రం నవ్వు రాలేదు. "మీ కేసులో ముగ్గురు పిల్లలున్నారు, మూడో బిడ్డ ఎక్కడ ఉంటోంది?"

మూడో బిడ్డ ఎవరు? పది నిమిషాలకు తేలింది. మా అమ్మాయికి పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, గ్రీన్‌కార్డులో వెనక. ఒకే పుట్టిన తేదీతో, తారుమారైన పేర్లతో వాళ్ల కంప్యూటర్‌లో ఇద్దరమ్మాయిలు తయారయ్యారు. ఇంటిపేరు ముందు రాసుకునే వాళ్లందరూ ఇది ఒకసారి చూసుకోండి. మీ ఖాతాలో పిల్లల పేర్లు ఎలా పడ్డాయో ఆరోగ్యంగా ఉన్నప్పుడే చూసుకుంటే మంచిది.

ఆగిపోయిన 90 రోజుల్లోపు పునరుద్ధరణ కాగితాలు ఇస్తే కొత్త దరఖాస్తు అక్కర్లేదని ఆవిడే చెప్పింది. ఆ మాట ఏ ఉత్తరంలోనూ నేను చూడలేదు. అయితే మా ఇద్దరమ్మాయిల చిక్కు వల్ల కొత్తగా వేయడమే మేలంది.

18వ తేదీ సోమవారం మా వైపున్న కమ్యూనిటీ క్లినిక్‌కు వెళ్లాను. దరఖాస్తులు నింపడానికి అక్కడ ఒకావిడ ఉంటుంది, ఉచితంగానే. మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం. నాకంటే పదేళ్లు చిన్నది, కాగితాల్లో నాకంటే పాతికేళ్లు పెద్దది. ప్రతి కాగితం మీదా, రెండు వైపులా, కేసు నంబరు పెన్నుతో రాయించింది. పంపిన ప్రతిదానికీ ఫోనులో ఫోటో తీయించింది. జీతం చీటీలు ఏ నెలవి పెడుతున్నామో చూసుకోమంది. మా ఆయనకు రెండు వారాలకొకసారి జీతం, అందుకని ఏడాదిలో రెండు నెలల్లో మూడేసి చెక్కులు పడతాయి. ఆ నెల చీటీలు పెట్టి, విషయం రాయకుండా ఊరుకుంటే మన ఆదాయం సగం రెట్టు ఎక్కువని లెక్కకట్టే ప్రమాదం ఉందట. చివర్లో, "మీ ఉత్తరాల పెట్టె లోపల మీ పేర్లు అంటించారా?" అని అడిగింది. లేదన్నాను. పేరు కనిపించకపోతే కొందరు పోస్టుమన్లు వెనక్కి పంపేస్తారంది. ఆ సాయంత్రమే నలుగురి పేర్లూ, ఇంటిపేరు ముందొకసారి వెనకొకసారి, మొత్తం ఎనిమిది వరసలు రాసి అంటించాను.

దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది, గత మూడు నెలల్లో కట్టని వైద్యం బిల్లులున్నాయా అని. లేవు అనబోయాను, పరువు తక్కువ అనిపించి. ఆవిడ పెన్ను పట్టుకుని ఆపింది. ఉన్నాయి అంటేనే మెడికెయిడ్ వెనక నెలల నుంచి వర్తిస్తుందట.

ఇంటికి రాగానే వదిన ఫోను. మా ఆయన విషయం చెప్పారు కాబోలు. వదిన ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "ఏమ్మా, మిమ్మల్ని పిలిచేటప్పుడు నేను సంతకం పెట్టాను కదా, ప్రభుత్వం మీద ఆధారపడనివ్వనని. పిల్లలకు మెడికెయిడ్ తీసుకుంటే ఆ డబ్బు నన్ను కట్టమంటారా?" అంది. నాలుగేళ్లుగా ఈ భయం కడుపులో పెట్టుకుని ఎన్నడూ అడగలేదన్నమాట. గుళ్లో కలిసే ఒక పెద్దాయన కూడా మా ఆయనతో అప్పటికే అన్నారు, ఇవన్నీ తీసుకుంటే రేపు పౌరసత్వం ఇవ్వరని. మర్నాడు మళ్లీ క్లినిక్‌కు వెళ్లి ఈ రెండూ అడిగాను. ఆవిడ తనకు తెలిసినా చెప్పలేదు, న్యాయ సహాయం చేసే లాయరు దగ్గరికి పంపింది. ఆ లాయరు చెప్పింది ఇదీ. మా పిల్లల్లాంటి వాళ్లకు అయిదేళ్ల నిరీక్షణ లేకుండా ఇచ్చే వీలు రాష్ట్రాలకు కల్పించింది 2009లో వచ్చిన చట్టం. దాని కింద పిల్లలకు ఇచ్చినదాన్ని సంతకం పెట్టిన బంధువుల దగ్గర వసూలు చేయకూడదని ఆ చట్టంలోనే ఉంది. పౌరసత్వం దరఖాస్తులో 'పబ్లిక్ ఛార్జ్' పరీక్ష, అంటే ప్రభుత్వ సాయం మీద బతికే మనిషా అని చూడటం, ఉండదు. గ్రీన్‌కార్డుకు వేసుకునే వాళ్ల విషయంలోనైనా, 2022 డిసెంబరులో వచ్చి, అప్పటికి అమల్లో ఉన్న నియమం ప్రకారం పిల్లలు వాడుకున్న మెడికెయిడ్‌ను తల్లిదండ్రుల లెక్కలో వేసేవారు కాదు. వదినకు ఫోను చేసి మొదటి ముక్క చెబితే అవతల చాలాసేపు నిశ్శబ్దం. తరవాత, "సరే, పిల్లకు మందు కొన్నావా?" అంది. కొన్నానని అబద్ధం చెప్పాను.

22వ తేదీ రాత్రి ఇన్‌హేలర్ కిటికీలో అంకె సున్నాకు వచ్చింది. 23 శనివారం రాత్రి పదకొండు దాటాక అమ్మాయి లేచి కూర్చుంది. సెప్టెంబరులో ఇక్కడ రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క పుప్పొడి గాలినిండా ఉంటుంది, ఏటా ఆ నెల తనకు కష్టమే. గొట్టం తగిలించి రెండో ఇన్‌హేలర్ ఇచ్చాను. తగ్గలేదు. మా ఆయన రాత్రి డ్యూటీలో ఉన్నారు. నిద్రపోతున్న పిల్లవాడిని వెనక సీట్లో పడుకోబెట్టి, ఆసుపత్రికి తీసుకెళ్లి, అత్యవసర విభాగం ఎదుట కారు ఆపాను. ఆపి, దిగలేదు.

నలభై నిమిషాలు అక్కడే కూర్చున్నాం. ఎర్ర దీపాల అక్షరాలు కారు అద్దం మీద పడుతున్నాయి. నేను వాచీ చూస్తూ ఊపిరులు లెక్కపెట్టాను. నిమిషానికి ముప్పై నాలుగు, ముప్పై ఆరు, ముప్పై నాలుగు. ఇరవై నిమిషాలకు మళ్లీ నాలుగు పీల్పించాను. భుజాలు పైకి లేస్తూ, మెడ దగ్గర గుంట పడుతూ ఉంది. ఊపిరికి ఊపిరికి మధ్య, "లోపలికి వెళితే ఎంతవుతుంది, అమ్మా?" అంది. పన్నెండేళ్ల పిల్ల. నాకూ తెలియదు. తెలియకపోవడం వల్లే కదా బయట కూర్చున్నాం.

ఆ తరవాత ముప్పై, ఇరవై ఎనిమిది. పన్నెండున్నరకు ఇంటికి వచ్చేశాం. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు, నా తెలివి వల్ల కాదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆసుపత్రి వాళ్లు ఇన్సూరెన్స్ లేదని వెనక్కి పంపకూడదన్నది చట్టం. బిల్లు తరవాత బతిమాలుకోవచ్చు. ఇది నాకు తరవాత తెలిసిందని చెబితే అదీ అబద్ధమే, అప్పుడే తెలుసు. అయినా దిగలేదు. మర్నాడు ఉదయం చిన్న క్లినిక్‌లో 185 డాలర్లు కట్టి చూపించి, 268 క్రెడిట్ కార్డు మీద పెట్టి రోజువారీ మందు కొన్నాను. మా ఆయనకు నేను ఈ నలభై నిమిషాల సంగతి చెప్పింది క్రిస్మస్ సెలవుల్లో.

ఇంకొక సంగతి తెలిసి తల బాదుకున్నాను. కమ్యూనిటీ క్లినిక్‌లో ఆదాయాన్ని బట్టి రుసుము తగ్గిస్తారు, వాళ్ల ఫార్మసీలో అదే మందు 15 డాలర్లు. అక్టోబరులో, నవంబరులో అక్కడే తీసుకున్నాను. సెప్టెంబరు 12నే అక్కడికి వెళ్లి ఉంటే ఆ రాత్రి వచ్చేది కాదేమో. దరఖాస్తుకు మాత్రమే పనికొచ్చే చోటనుకున్నాను.

దరఖాస్తు మీద నిర్ణయానికి 45 రోజులు గడువన్నారు. మాకు 52 పట్టింది. మధ్యలో ఒక వార్త వచ్చింది. కంప్యూటర్ ఒక్కొక్క మనిషినీ విడిగా చూడకుండా కుటుంబాన్ని మొత్తంగా చూసి, అర్హులైన పిల్లల్ని కూడా చాలా రాష్ట్రాల్లో తీసివేసిందని, దాదాపు అయిదు లక్షల మందికి తిరిగి ఇస్తున్నారని. పేపరు పట్టుకుని ఒక రోజంతా ఆశ పడ్డాను. మా సంగతి అది కాదు. మాది పోస్టులో పోయిన కవరు, అంతే.

నవంబరు 9న నిర్ణయం వచ్చింది. రెండు ఉత్తరాలు, రెండు రకాల జవాబులు. మా వాడికి మెడికెయిడ్, అదీ సెప్టెంబరు 1 నుంచే వర్తించేలా. అమ్మాయికి మెడికెయిడ్ లేదు, మెడికెయిడ్ పరిమితి కొంచెం దాటిన ఇళ్లలోని పిల్లలకు ఇచ్చే చిప్ అనే ఇంకొక పథకం, డిసెంబరు 1 నుంచి. ఒకే ఇల్లు, ఒకే జీతం. అదెలా? నలుగురున్న ఇంటికి ఆ ఏడాది పరిమితి ఏడాది నిండి ఆరు నిండని పిల్లలకు నెలకు సుమారు 3,725 డాలర్లు, ఆరు నిండిన పిల్లలకు సుమారు 3,450. మా ఆదాయం 3,520. డెబ్బై డాలర్ల దూరం. చిప్‌కు వెనక నెలలు వర్తించవు. అంటే అక్టోబరులో చెవిపోటు తప్ప ఏమీ రాని పిల్లవాడి బిల్లు మాఫీ అయింది. ఉబ్బసం ఉన్న పిల్లకు మూడు నెలలు, సరిగ్గా 91 రోజులు, ఏమీ లేదు. ఆ మూడు నెలల్లో దాని మందులకూ డాక్టరుకూ 512 డాలర్లు అయింది. మీసేవలో ఇలాంటి లెక్క ఎవరైనా నా కౌంటరు ముందు పెట్టి అడిగితే, "రూలు అంతేనండీ" అని ఉండేదాన్ని.

చిప్ గురించి ఒక జాగ్రత్త. అర్హత వచ్చినంత మాత్రాన అయిపోదు. ఇంకొక కవరు వస్తుంది, అందులో ఏ కంపెనీ ప్లాను కావాలో మనం ఎంచుకుని చెప్పాలి. మనం చెప్పకపోతే ఆలస్యమవుతుంది, లేదా వాళ్లే ఏదో ఒకటి అంటగడతారు, మన డాక్టరు అందులో ఉండకపోవచ్చు. నేను ముందు మా పిల్లల డాక్టరు కార్యాలయానికి ఫోను చేసి, మీరు దేనిలో ఉన్నారని అడిగి, ఆ పేరే చెప్పాను. డాక్టరును చూసినప్పుడల్లా 5 డాలర్లు, నమోదు రుసుము మా ఆదాయానికి సున్నా.

ఇక 2024. ఆ ఏడాది గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అదే దాని గొప్పతనం. 2022 డిసెంబరులో అమెరికా పార్లమెంటు చేసిన చట్టం ఒకటి జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 19 ఏళ్లలోపు పిల్లలకు మెడికెయిడ్‌లోగానీ చిప్‌లోగానీ ఒకసారి అర్హత తేలితే, పన్నెండు నెలలు తీసివేయకూడదు. మధ్యలో ఆదాయం పెరిగినా సరే. వేరే రాష్ట్రానికి వెళ్లిపోతేనో, 19 నిండితేనో, మనమే వద్దంటేనో తప్ప. క్లినిక్ ఆవిడ ఫోను చేసి చెప్పింది. నేను నమ్మక, మళ్లీ చెప్పించుకున్నాను.

మార్చిలో మా ఆయనకు గంటకు డాలరు పెంచుతామన్నారు. ఇంటికొచ్చి భోజనం దగ్గర కూర్చుని, "వద్దని చెప్పమంటావా?" అని అడిగారు. హాస్యానికి కాదు. ఆ డాలరు వల్ల పిల్లవాడి మెడికెయిడ్ పోతే, పెరిగిన జీతంకన్నా ఎక్కువే పోతుందని ఆయన లెక్క. అంతకుముందు రెండేళ్లు శనివారం అదనపు గంటలు వస్తే కూడా వద్దనేవారు, నెల పరిమితి దాటుతుందేమోనని. ఈసారి తీసుకోమన్నాను. నేనూ భారతీయ సరుకుల దుకాణం వంటగదిలో వారానికి మూడు రోజులు పనికి కుదిరాను. పులిహోర, పప్పు, వంకాయ కూర డబ్బాల్లో సర్దడం. జూన్‌లో మా వాడికి ఆరేళ్లు నిండాయి. పాత పద్ధతిలో ఆ పుట్టినరోజే అపాయం, ఆరు నిండితే పరిమితి తగ్గిపోతుంది కనక. కేకు కోశాం, ఏ ఉత్తరమూ రాలేదు, వాడి కార్డు అక్టోబరు చివరి దాకా పనిచేసింది. రాత్రిళ్లు ఇన్‌హేలర్ కిటికీలో అంకె చూసే అలవాటు మాత్రం నాకు పోలేదు. అమ్మాయికి విసుగు.

సెప్టెంబరు 5న పెట్టెలో పసుపు కవరు కనిపించింది. సరుకుల సంచులు అక్కడే కింద పెట్టి, నిలబడే చించాను. ముప్పై రోజుల గడువు. మూడో రోజుకు అన్నీ పంపేశాను. రెండు వారాలకు ఇంకొక ఉత్తరం. మా ఆయన పనిగంటల గురించి యజమాని రాసిచ్చే ఫారం కావాలట, పది రోజుల్లో.

యజమాని మనవాడే. మంచివాడే, దసరాకు బట్టలు పెడతాడు. ప్రభుత్వ ఫారం అనగానే ముఖం మారిపోయింది. మా ఆయన రెండుసార్లు అడిగి మొహమాటపడి ఊరుకున్నారు. మూడోసారి నేనే వెళ్లాను.

"అన్నయ్యగారూ, ఇది మీ లెక్కలు అడిగే కాగితం కాదు. ఈయన వారానికి ఎన్ని గంటలు చేస్తారు, గంటకు ఎంత, అంతే."

"అదే కదమ్మా, ఒకసారి మన పేరు వాళ్ల కంప్యూటర్‌లో పడితే..."

"మీరిచ్చే జీతం చీటీ మీద మీ దుకాణం పేరు ఇప్పటికే ఉంది, అవి నాలుగు పంపేశాను. ఈ కాగితం లేకపోతే పోయేది పిల్లల ఇన్సూరెన్సే."

ఆయన పెన్ను వెతకడానికి చాలాసేపు పట్టింది. నా సంచిలోంచి తీసిచ్చాను. తెనాలి రోజుల నుంచీ సంచిలో రెండు పెన్నులు లేకుండా బయటికి వెళ్లను. గడువుకు ఒక్కరోజు ముందు ఫ్యాక్సు చేసి, అందినట్టు వచ్చిన చీటీని ఫోటో తీసుకున్నాను.

అక్టోబరు 22న జవాబు. ఆదాయం 4,100 దాకా చేరింది కనక మా వాడూ చిప్‌లోకి మారాడు, నవంబరు 1 నుంచి, మధ్యలో ఒక్కరోజు కూడా ఖాళీ లేకుండా. అమ్మాయికి డిసెంబరు 1 నుంచి ఇంకొక ఏడాది. ఈసారి నమోదు రుసుము ఉంది, ఏడాదికి 35 డాలర్లు, కుటుంబం మొత్తానికి. డాక్టరు దగ్గర కట్టేది పెరిగి 20 అయింది. సంతోషంగానే కట్టాను. వదినకు ఫోను చేసి చెబితే, "35 అంటే నెలకా?" అని మూడుసార్లు అడిగింది.

పిల్లలిద్దరి గడువులూ నెల తేడాతో ఉండటం పెద్ద తలనొప్పి. రెండూ ఒకటి చేయించడానికి ప్రయత్నించాను, నా వల్ల కాలేదు. ఏడాది మధ్యలో ఎవరూ కదిలించకపోయినా, ఏడాది చివర ఆ కవరు ఒక్కటి తప్పిపోతే మళ్లీ మొదటికే వస్తాం. అందుకే చిరునామా, ఫోను నంబరు ఖాతాలో సరిగ్గా ఉన్నాయో లేదో నెల మొదటి తారీఖున చూస్తున్నాను, అద్దె కట్టేటప్పుడే.

2025 జనవరిలో మా దుకాణంలో ఆ ఏటి తెలుగు క్యాలెండరు ఇచ్చారు. వంటింట్లో తగిలించగానే అమ్మాయి పసుపు స్కెచ్ పెన్ను తెచ్చి, ఆగస్టు 27 వినాయక చవితి నుంచి అక్టోబరు 2 దసరా దాకా గళ్లన్నీ నింపింది. మా వాడు దాన్ని కాసేపు చూసి, అన్ని రోజులూ బడికి సెలవులా అని అడిగాడు.